రాజీ పడమంటున్నారు, చెల్లికి దక్కాల్సిందేమిటి?

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లె. నేను పెళ్లయి హైదరాబాద్‌లో ఉంటాను. మా చెల్లికి 24 ఏళ్లు, గుంటూరులో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తోంది. ఒకడు ఏడాదిగా వెంటపడుతున్నాడు. మూడు నెలల కిందట స్టేషన్‌కి వెళ్లి చెబితే వాణ్ణి పిలిచి మందలించి పంపేశారు, కేసు రాయలేదు. ఐదు వారాల కిందట డ్యూటీ దిగి హాస్టల్‌కి వస్తుంటే కత్తితో దాడి చేశాడు. చేయి అడ్డం పెట్టడంతో దెబ్బ ముంజేతికి కూడా తగిలింది. చెంప మీద కుట్లు పడ్డాయి. కుడి ముంజేతి నరాలు తెగాయి, రెండు వేళ్లు ముడవలేకపోతోంది. ఆసుపత్రికి రెండు లక్షల దాకా అప్పు తెచ్చాం. వాడు జైల్లో ఉన్నాడు. ఇప్పుడు వాళ్ల తరఫున మా ఊరి పెద్దలే వచ్చి "మూడు లక్షలు ఇప్పిస్తాం, రాజీ పడండి" అంటున్నారు. కోర్టుల చుట్టూ తిరిగితే పిల్లకి సంబంధాలు రావని నాన్న కూడా మెత్తబడుతున్నారు. లాయర్ని పెట్టుకుంటామంటే స్టేషన్‌లో "కేసు గవర్నమెంటుది, మీకు లాయర్ ఎందుకు, పిలిచినప్పుడు రండి చాలు" అన్నారు. ప్రభుత్వం పరిహారం ఇస్తుందని విన్నాను, ఎవరిని అడగాలి? వాడు బెయిల్ మీద బయటికొస్తే మా గతేంటి? చెల్లికి రాత్రిళ్లు నిద్ర లేదు. నేను పిల్లలతో మాటిమాటికీ గుంటూరు వెళ్లలేను. ఎఫ్ఐఆర్ కాపీ పంపుతున్నాను. స్టేట్‌మెంట్‌కి స్టేషన్‌కి రమ్మంటున్నారు. (పేరు వద్దు, కూకట్‌పల్లి)

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం, ఎఫ్ఐఆర్ కాపీ రెండూ చదివాను. కేసు గవర్నమెంటుదే, అది నిజం. పిలిచినప్పుడు వస్తే చాలన్నది మాత్రం నిజం కాదు. ఒకప్పుడు మన కోర్టుల్లో దెబ్బ తిన్న మనిషి వట్టి సాక్షి. సమన్లు వస్తే బోనెక్కి చెప్పి దిగిపోవడమే. 2009 చివర్లో అమల్లోకి వచ్చిన చట్ట సవరణలతో ఆ పరిస్థితి మారడం మొదలైంది. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత మరికొన్ని హక్కులు కలిపింది. కేసు ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడం, సొంత లాయర్ని పెట్టుకోవడం, బెయిల్ మీద అభ్యంతరం చెప్పడం, పరిహారం అడగడం, వాణ్ణి కోర్టు నిర్దోషిగా వదిలేస్తే అప్పీలుకి వెళ్లడం, ఇవన్నీ ఇప్పుడు మీ చెల్లికి చట్టం ఇచ్చినవే. కాకపోతే ఇవేవీ ఎవరో తెచ్చి ఇంట్లో ఇవ్వరు. అడగాలి, కాగితం మీద అడగాలి, రసీదు తీసుకోవాలి. నేను చెప్పబోయేదంతా ఆ కాగితాల గురించే.

ముందు రాజీ సంగతి, ఎందుకంటే పెద్దలు మీ నాన్నగారిని రేపో మాపో మళ్లీ కూర్చోబెడతారు. కత్తితో తీవ్రంగా గాయపరచడం, హత్యాయత్నం, వెంటపడి వేధించడం, ఈ మూడింటిలో ఏదీ రాజీకి వీలున్న నేరాల జాబితాలో లేదు. ఊరి పెద్దలే కాదు, సీఐ గారైనా, లోక్ అదాలత్ అయినా ఈ కేసుని రాజీ చేసి మూసేయలేరు. హైకోర్టుకి కేసు కొట్టేసే అధికారం ఉంది కానీ, హత్యాయత్నం లాంటి తీవ్రమైన నేరాన్ని ఇద్దరూ కలిసిపోయారన్న ఒక్క కారణంతో కొట్టేయకూడదని సుప్రీంకోర్టు ఎన్నో తీర్పుల్లో చెప్పింది. మరి ఆ మూడు లక్షలు దేనికి ఇస్తామంటున్నారు? రేపు మీ చెల్లి బోనెక్కి "చీకట్లో ఎవరో పొడిచారు, నేను చూడలేదు" అని చెప్పడానికి. అంటే ప్రమాణం చేసి అబద్ధం చెప్పడానికి. అబద్ధపు సాక్ష్యం నేరం, ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. డబ్బిచ్చినవాడు బయటపడతాడు, ఇరుక్కునేది మీ చెల్లి. నాన్నగారికి ఈ మాట నెమ్మదిగా, కూర్చోబెట్టి చెప్పండి. ఆయన పిరికివారని నేననుకోను. అప్పు నెత్తి మీద ఉన్నప్పుడు, చేతికందే డబ్బు ఎదురుగా పెట్టినప్పుడు ఏ తండ్రికైనా మనసు ఊగుతుంది. అసలు ఆయనకి కావాల్సింది అప్పు తీరే దారి. దానికి ఇంకో దారి ఉంది, వస్తున్నాను.

ఇంకోటి కూడా. పెద్దలు మర్యాదగా అడిగినంతవరకు అది అడగడమే. "ఒప్పుకోకపోతే ఊళ్లో ఎలా ఉంటారో చూస్తాం" అన్నారంటే అప్పుడది కేసు. అబద్ధపు సాక్ష్యం చెప్పమని బెదిరించడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 232 కింద నేరం. ఎవరు ఏ రోజు ఏమన్నారో ఒక పుస్తకంలో తేదీ వేసి రాసి పెట్టండి. ఫోన్ చేసి అన్నారా, ఆ నంబరు, టైము రాసుకోండి.

ఇప్పుడు మీరు పంపిన ఎఫ్ఐఆర్. అందులో సెక్షన్ల గడి చూడండి, న్యాయ సంహిత 118(2) ఒక్కటే ఉంది. అంటే ఆయుధంతో తీవ్రంగా గాయపరచడం. చిన్న సెక్షన్ కాదది, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. కానీ జరిగినదాంట్లో అది సగమే. చెంప మీద, అంటే మెడకి బెత్తెడు దూరంలో కత్తి దిగింది. చేయి అడ్డం పెట్టింది కాబట్టి దెబ్బ ముంజేతికి తగిలిందని మీరే రాశారు. హత్యాయత్నం, అంటే సెక్షన్ 109, ఎందుకు లేదు? ఏడాదిగా వెంటపడ్డాడు, మూడు నెలల కిందట స్టేషన్‌కి కూడా వెళ్లారు. వెంటాడి వేధించడానికి సెక్షన్ 78 ఉంది, అదీ లేదు. ఫిర్యాదు రాసేటప్పుడు మీవాళ్లు ఆసుపత్రి వరండాలో ఆ గందరగోళంలో నాలుగు ముక్కలు రాసిచ్చి ఉంటారు, పాత సంగతులు రాయకపోయి ఉంటారు. అందులో మీ తప్పేమీ లేదు. ఎఫ్ఐఆర్‌లో లేనిది దర్యాప్తులో చేర్చొచ్చు. దర్యాప్తు అధికారి కోర్టుకి ఆల్టరేషన్ మెమో వేసి సెక్షన్లు కలుపుతారు. స్టేషన్లలో మామూలుగా జరిగే పనే అది.

78 పడటం వల్ల ఇంకో లాభం ఉంది. ఆ సెక్షన్ ఉన్న కేసుల్లో బాధితురాలి వాంగ్మూలాన్ని మేజిస్ట్రేట్ నమోదు చేయాలి, వీలైనంతవరకు మహిళా మేజిస్ట్రేటే. నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ నంబరుతో దీన్ని 183 స్టేట్‌మెంట్ అంటారు, పాతవాళ్లు ఇప్పటికీ పాత కోడ్ నంబరుతో 164 అనే అంటారు. ఏడాది నుంచి ఏం జరిగిందో జడ్జిగారి ముందు ఒకసారి చెప్పాక, విచారణ ఏళ్ల తరబడి సాగినా ఆ మాట రికార్డులో ఉంటుంది. రాజీ అంటూ తిరిగేవాళ్ల జోరు కూడా అప్పుడు తగ్గుతుంది.

ఉత్తరం ఎలా రాయాలో తెలియక చాలామంది ఆగిపోతారు. తెల్లకాగితం చాలు, ఇలా రాయించండి:

"సీఐ గారికి. క్రైమ్ నంబరు ఫలానా, తేదీ ఫలానా కేసులో బాధితురాలిని. నిందితుడు దాదాపు ఏడాది నుంచి నా వెంటపడుతూ, వద్దన్నా ఫోన్లు, మెసేజీలు చేస్తూ వేధించాడు. దీనిపై ఫలానా నెలలో స్టేషన్‌కి వచ్చి చెప్పాం. దాడి రోజు 'నాకు దక్కకపోతే బతకనివ్వను' అంటూ మెడ మీదకి కత్తి ఎత్తాడు. చేయి అడ్డుపెట్టగా ముంజేతికి, చెంపకి గాయాలయ్యాయి. ఈ విషయాలు నా మొదటి ఫిర్యాదులో పూర్తిగా రాయలేకపోయాను. వీటిపై నా వాంగ్మూలం తీసుకుని, సెక్షన్ 109, 78 చేర్చే విషయం పరిశీలించాలని, మేజిస్ట్రేట్ ముందు నా వాంగ్మూలం నమోదు చేయించాలని కోరుతున్నాను. మెసేజీల ప్రింట్లు, డిశ్చార్జి సమ్మరీ జతచేశాను."

కొటేషన్‌లో పెట్టిన వాడి మాటలు నేను నమూనాకి రాసినవి. వాడు నిజంగా ఏమన్నాడో అదే రాయాలి, ఒక్క ముక్క కల్పించొద్దు. డిఫెన్సు లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ముందు పట్టుకునేది అలాంటివే. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటిచ్చి, రెండో దాని మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే అదే ఉత్తరం ఎస్పీ ఆఫీసుకి స్పీడ్ పోస్టులో పంపండి, పోస్టాఫీసు రసీదు ఉంటుంది. కుడి చేత్తో సంతకం చేయలేకపోతే ఎడమ బొటనవేలి ముద్ర వేయించి, పక్కన ఒక సాక్షి సంతకం పెట్టించండి, చెల్లుతుంది. ఆ పాత ఫోన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో ఫార్మాట్ కొట్టొద్దు, మార్చొద్దు, ఆ మెసేజీలు చూస్తే భయమేస్తోందని డిలీట్ చేయనివ్వొద్దు. స్క్రీన్ షాట్ల కంటే అసలు ఫోనుకే కోర్టులో విలువ.

"స్టేట్‌మెంట్‌కి స్టేషన్‌కి రమ్మంటున్నారు" అని ఉత్తరం చివర్లో రాశారు. అవసరం లేదు. మహిళలని దర్యాప్తు కోసం వాళ్లు ఉండే చోటికి తప్ప ఇంకెక్కడికీ రమ్మనకూడదని చట్టంలోనే ఉంది, నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 179. పోలీసులే ఇంటికి రావాలి. ఇది పోట్లాటగా చెప్పక్కర్లేదు, "సార్, తను ఇంకా కోలుకోలేదు, ఇంటికే రండి" అంటే చాలామంది వస్తారు. అలాగే కేసు నమోదైన 90 రోజుల్లో దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో బాధితురాలికి తెలియజేయాలి, ఫోన్‌లో మెసేజ్ రూపంలోనైనా సరే. ఈ 90 రోజుల లెక్క ఇంకో రకంగా కూడా ముఖ్యం. వాణ్ణి రిమాండుకి పంపిన రోజు నుంచి 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే వాడికి బెయిల్ హక్కుగా వచ్చేస్తుంది, డిఫాల్ట్ బెయిల్ అంటారు. ఐదు వారాలు అయిపోయాయి. రిమాండు తేదీ కనుక్కుని క్యాలెండర్‌లో 75వ రోజు దగ్గర గుర్తు పెట్టుకోండి. ఆ రోజుకి ఛార్జిషీటు పడలేదంటే ఎస్పీ గారికి ఇంకో ఉత్తరం వెళ్లాలి.

లాయరు సంగతి. పబ్లిక్ ప్రాసిక్యూటరు (పీపీ) ప్రభుత్వం తరఫున వాదిస్తారు, కేసు నడిపేది ఆయనే. కానీ ప్రాసిక్యూషన్‌కి సహాయంగా బాధితురాలు కోర్టు అనుమతితో తన సొంత లాయర్ని పెట్టుకోవచ్చని అదే సంహిత సెక్షన్ 18లో స్పష్టంగా ఉంది. ఛార్జిషీటు, స్టేట్‌మెంట్ల కాపీలు నిందితుడికిచ్చినట్టే లాయరున్న బాధితురాలికి కూడా ఇవ్వాలి. ఫీజుకి భయపడొద్దు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు. రేషన్ కార్డు అడగరు, ఎంత పొలం ఉందని అడగరు. గుంటూరు జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మన కోర్టుల్లో ఆ భవనం మీద న్యాయ సేవా సదన్ అని బోర్డు ఉంటుంది. దాని కార్యదర్శి జడ్జి హోదాలో ఉండే అధికారి. పోలీస్ స్టేషన్ మెట్లెక్కాలంటే జంకే మన ఆడవాళ్లు మొదట వెళ్లాల్సిన చోటు అదే అని నేను ఎప్పుడూ చెబుతాను. ఒక దరఖాస్తుతో లాయరు, పరిహారం, రక్షణ, మూడింటికీ అక్కడి నుంచే దారి మొదలవుతుంది. అంతదూరం వెళ్లలేకపోతే నరసరావుపేట కోర్టులోనే మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది, అక్కడా ఇవ్వొచ్చు. ముందు మాట్లాడి చూడాలంటే 15100కి ఫోన్ చేయండి.

ఇక నాన్నగారి అప్పు. నేరం వల్ల నష్టపోయినవాళ్లకి ప్రభుత్వమే పరిహారం ఇవ్వాలి, ఇది నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 396. మహిళల మీద నేరాలకి సంబంధించి జాతీయ న్యాయ సేవాధికార సంస్థ తయారుచేసిన పథకాన్ని సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 అక్టోబరు 2 నుంచి అన్ని రాష్ట్రాల్లో అమలు చేస్తున్నారు. తీవ్ర గాయానికి, లేదా మళ్లీ మామూలు మనిషి కావడానికి చికిత్స అవసరమయ్యే మానసిక గాయానికి అందులో లక్ష నుంచి రెండు లక్షలు. శాశ్వత వైకల్యం 20 నుంచి 40 శాతం ఉంటే లక్ష నుంచి మూడు లక్షలు, 40 నుంచి 80 శాతం అయితే రెండు నుంచి నాలుగు లక్షలు. ఇది నిందితుడి జేబులోంచి వచ్చే డబ్బు కాదు. వాడికి శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు. కేసు కొట్టేసినా, అసలు నిందితుడే దొరక్కపోయినా కూడా అడగొచ్చు. దరఖాస్తు వచ్చిన రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టం చెబుతోంది, ఈలోపు మధ్యంతర సాయం కూడా అడగొచ్చు. గడువు మూడేళ్లుంది కానీ ఇప్పుడే వేయండి. చట్టం రెండు నెలలన్నా నిధులు రావడం, ఫైలు కదలడం ఆలస్యమవుతుంది, అది దాచిపెట్టి మీకు ఆశ చూపించలేను. అందుకే దరఖాస్తులో "వైద్యం కోసం అప్పు చేశాం, మధ్యంతర సాయం వెంటనే ఇప్పించగలరు" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం డిపాజిట్‌లో వేసే పద్ధతి కూడా పథకంలో ఉంది. అప్పు, ఫిజియోథెరపీ ఖర్చు ఎంతో కాగితాలతో చూపిస్తే చేతికిచ్చే భాగం పెంచమని అడగడానికి ఆధారం ఉంటుంది.

శాతం గురించి ఇంత చెప్పడానికి కారణం ఆ రెండు వేళ్లు. ముడవలేకపోతోందని మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. ల్యాబ్ టెక్నీషియన్‌కి కుడిచేతి వేళ్లు పనిచేయకపోతే రక్తం తీయడం ఎలా? ఆ పిల్ల జీవనాధారమే పోయింది. ప్రభుత్వాసుపత్రిలో ఆర్థో డాక్టరుకి చూపించి, ఎంతవరకు ముడుస్తోంది, పట్టు ఎంత ఉంది, ఇవి కేసు షీటులో రాయించండి. ఫిజియోథెరపీకి వెళ్లిన ప్రతిసారీ ఓపీ చీటీ దాచండి. కొన్ని నెలల చికిత్స తర్వాత కూడా బాగుపడకపోతే సదరం క్యాంపుకి స్లాట్ బుక్ చేసి వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. పరిహారం ఏ గడిలో పడుతుందో అది తేలుస్తుంది. ముఖం మీద మచ్చ శాశ్వతంగా ఉండిపోతుందంటే అది కూడా చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. పోలీసులకిచ్చిన వూండ్ సర్టిఫికెట్‌లో (గాయాల ధ్రువపత్రం) డాక్టరు "సింపుల్" అని రాశారా, "గ్రీవస్" (తీవ్రం) అని రాశారా లాయరు చేత చూపించండి. 118(2) నిలవడం చాలావరకు ఆ ఒక్క మాట మీద ఆధారపడుతుంది. ముఖం ఫొటోలు ఇప్పుడొకసారి, కుట్ల గుర్తులు మానాక ఒకసారి తీసి ఉంచండి.

ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. యాసిడ్ దాడి, అత్యాచారం, పిల్లలపై లైంగిక నేరాల బాధితులకి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు ఏవైనా సరే వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి, కాదన్నవాళ్లకి ఏడాది దాకా జైలు. యాసిడ్ బాధితులకి పరిహారం మొత్తాలు కూడా వేరే, ఎక్కువ. ఎస్సీ, ఎస్టీ కుటుంబాల మీద ఇతర కులాలవాళ్లు చేసిన నేరమైతే అట్రాసిటీ చట్టం కింద అదనపు హక్కులు, కలెక్టర్ ద్వారా దశలవారీగా సాయం ఉంటాయి. మీ ఉత్తరంలో కులం ప్రస్తావన లేదు, వర్తిస్తే కార్యదర్శి గారికి మొదటి రోజే చెప్పండి.

బెయిల్ భయం గురించి. వాడికి బెయిల్ రాదని నేనే కాదు, ఏ లాయరూ హామీ ఇవ్వలేడు. కానీ మీ మాట వినకుండా ఇవ్వడం వేరు, విని ఇవ్వడం వేరు. బెయిల్ దగ్గర సహా కేసులో ప్రతి దశలోనూ బాధితుల మాట వినాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీలో రైతుల మీదికి వాహనం తోలిన కేసు, జగజీత్ సింగ్ వర్సెస్ ఆశిష్ మిశ్రా. అందులో హైకోర్టు ఇచ్చిన బెయిల్‌ని సుప్రీంకోర్టు రద్దు చేసింది, చనిపోయినవాళ్ల కుటుంబాల మాట సరిగ్గా వినలేదన్నది అందులో ఒక కారణం. మీ కేసులో బెయిల్ పిటిషన్ పడితే మీకు నోటీసు దానంతటదే వస్తుందని అనుకోవద్దు. లాయరు ద్వారా పీపీ గారికి ముందే ఒక మెమో ఇచ్చి, అభ్యంతరం చెప్పాలనుకుంటున్నామని తెలియజేయండి. బెయిల్ ఇచ్చేటట్టయితే కూడా షరతులు అడగొచ్చు. గుంటూరులోకి, మీ ఊళ్లోకి అడుగుపెట్టకూడదు, ఫోన్‌లో కానీ స్నేహితుల ద్వారా కానీ పలకరించకూడదు, వారానికోసారి వేరే స్టేషన్‌లో సంతకం చేయాలి. షరతు తప్పితే బెయిల్ రద్దుకి వేయొచ్చు. ఊరికే "భయంగా ఉంది" అంటే కోర్టులో నిలవదు. మూడు నెలల కిందట మందలించినా ఆగలేదన్న నిజాన్ని ముందు పెట్టండి, అంతకంటే బలమైన అభ్యంతరం ఉండదు.

బెదిరింపులు మొదలైతే సాక్షుల రక్షణ పథకం ఉంది. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు దీన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. ప్రతి జిల్లాలో జిల్లా జడ్జి అధ్యక్షతన ఒక కమిటీ ఉంటుంది, దరఖాస్తు పెడితే ప్రమాదం ఏపాటిదో డీఎస్పీ స్థాయి అధికారి నుంచి నివేదిక తెప్పించుకుంటుంది. ఇంటి దగ్గర పోలీసు గస్తీ, ఇంటికి సీసీ కెమెరా, కోర్టుకి వెళ్లిరావడానికి రక్షణ, ఇలాంటివి ఇస్తారు. మీ కేసు లాంటివి, వెంటాడే నేరం కూడా, ఆ పథకంలోకి వస్తాయి. సాక్ష్యం చెప్పే రోజు వాడి మొహం ఎదురుగా కనిపించకుండా తెర కట్టించమని, లేదా వేరే గదిలోంచి వీడియోలో చెప్పనివ్వమని కూడా అడగొచ్చు. ఈ ఒక్క సంగతి మీ చెల్లికి ఇప్పుడే చెప్పండి. కోర్టంటే వాడికి ఎదురుగా నిలబడాలన్న భయంతోనే చాలామంది ఆడపిల్లలు వెనక్కి తగ్గుతారు. వాళ్లని ధైర్యం తెచ్చుకోమనడం కంటే ఆ తెర కట్టించడం మేలు.

నిద్ర పట్టకపోవడాన్ని తేలిగ్గా తీసుకోకండి. అడుగుల చప్పుడికి ఉలిక్కిపడటం, బైకు శబ్దానికి వణకడం, స్నానాల గదిలోకి కూడా తోడు రమ్మనడం, ఇలాంటివి దాడి తర్వాత చాలామందికి ఉంటాయి, వైద్యంతో తగ్గుతాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416కి రాత్రి ఏ టైములోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడాలంటే సఖి కేంద్రం ఉంది, వన్ స్టాప్ సెంటర్ అంటారు. 2015 నుంచి కేంద్ర ప్రభుత్వ నిధులతో జిల్లాల్లో నడుస్తున్నాయి. అక్కడ కౌన్సెలర్ ఉంటారు, స్టేషన్‌కి, ఆసుపత్రికి తోడు వస్తారు, అవసరమైతే కొన్ని రోజులు ఉండటానికి చోటిస్తారు. 181కి ఫోన్ చేస్తే దగ్గరి కేంద్రానికి కలుపుతారు. ప్రాణభయం ఉంటే మాత్రం 112, అప్పుడు ఇంకేమీ ఆలోచించొద్దు. కౌన్సెలర్ దగ్గర, మానసిక వైద్యుల దగ్గర రాసిన చీటీలు కూడా పరిహారం ఫైల్లోకి వెళ్లాలి. పైన చెప్పిన మానసిక గాయానికి ఆధారం అవే.

సంబంధాల గురించి మీ నాన్నగారి మాటకి చట్టంలో జవాబు లేదు, నా అభిప్రాయం చెబుతాను. చెంప మీద మచ్చ ఎలా వచ్చిందని రేపు వచ్చే ఏ సంబంధమైనా అడుగుతుంది. కేసు పెట్టినా అడుగుతుంది, రాజీ పడినా అడుగుతుంది. డబ్బు తీసుకుని మాట మార్చారని ఊళ్లో నలుగురికీ తెలిశాక, మా పిల్ల తప్పేమీ లేదని నాన్నగారు ఏ నోటితో చెబుతారు? ఇంకో సంగతి, మీ ఉత్తరంలో పెద్దలేమంటున్నారో ఉంది, నాన్న ఏమంటున్నారో ఉంది, మీ మనసులో మాట ఉంది. చెల్లి ఏమంటోందో ఎక్కడా లేదు. అడిగారా? పైన చెప్పిన ప్రతి కాగితం మీదా సంతకం చేయాల్సింది తనే, లాయర్ని ఎంచుకోవాల్సింది తనే. నెమ్మదిగా అడగండి. తను "ఇప్పుడు నావల్ల కాదు" అంటే ఒకటి రెండు వారాలు ఆగినా పరిహారం దరఖాస్తుకి ఏమీ కాదు. సెక్షన్ల ఉత్తరానికి మాత్రం అంత టైము లేదు, దాన్ని ఈ వారమే ఇవ్వాలి.

మీరు పిల్లలతో మాటిమాటికీ గుంటూరు వెళ్లలేనన్నారు, వెళ్లక్కర్లేదు. కోర్టులో కేసుకి సీఎన్‌ఆర్ నంబరు (ఒక్కో కేసుకి ఇచ్చే ప్రత్యేక నంబరు) పడగానే లాయర్ని అడిగి తీసుకోండి. ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో ఆ నంబరు కొడితే వాయిదా ఎప్పుడు, కిందటిసారి ఏం జరిగింది కూకట్‌పల్లిలో కూర్చునే చూడొచ్చు. ఎవరూ "వాయిదా పడింది, మళ్లీ చెబుతాం" అని మీకు చెప్పాల్సిన పని ఉండదు. ఒక్కసారి మాత్రం సెలవు పెట్టుకుని వెళ్లండి, చెల్లిని, నాన్నని ఇద్దర్నీ తీసుకుని న్యాయ సేవా సదన్‌కి. ఎఫ్ఐఆర్, డిశ్చార్జి సమ్మరీ, ఆసుపత్రి బిల్లులు, అప్పు పత్రం, ఆధార్, చెల్లి పేరు మీదున్న బ్యాంకు పాస్‌బుక్, అన్నీ రెండేసి జిరాక్సులు తీసుకెళ్లండి. పరిహారం ఎంత, ఎప్పుడు అన్న సంగతి కార్యదర్శి గారి నోటి నుంచే నాన్నగారిని విననివ్వండి. సీఐ గారికిచ్చిన ఉత్తరం మీద ముద్ర పడ్డాక దాని కాపీ నాకు పంపండి, ఆల్టరేషన్ మెమో పడిందా లేదా చూసి తర్వాత ఏం చేయాలో రాస్తాను.